ఫెరిటిన్: ఒంట్లో ఇనుము దాచుకునే గాదె గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫెరిటిన్ అనే మాట మన ఇళ్లల్లో ఎక్కువగా వినపడింది 2020, 2021ల్లో. కోవిడ్ రిపోర్టుల్లో ఒంట్లోని వాపును (ఇన్‌ఫ్లమేషన్) చూపే సీఆర్‌పీ, రక్తం గడ్డకట్టడాన్ని చూపే డీ-డైమర్ పక్కన ఆ పేరు చూసి చాలామంది టెన్షన్ పడ్డారు. నేను డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతాను. క్లాసులో వాళ్లు అడిగేవి, రిపోర్టు పట్టుకుని ఇంటికొచ్చే బంధువులు అడిగేవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. రిపోర్టులో ఉన్న అంకె ఒక వస్తువు నీడ మాత్రమే. ఆ వస్తువు ఎలా ఉంటుందో తెలిస్తే, అంకె ఎప్పుడు నిజం చెబుతోందో, ఎప్పుడు తప్పుదారి పట్టిస్తోందో మనకే తెలుస్తుంది.

ఇనుము ఒంటికి మంచిదే కదా, దాన్ని పెట్టెలో పెట్టి దాచడం ఎందుకు?

ఫెర్రస్ సల్ఫేట్ చూశారా? మన పెద్దలు అన్నభేది అనేవారు. లేత ఆకుపచ్చ పలుకులు. మొదటి క్లాసులో నేను దాన్ని ఒక చెంచాడు నీళ్లలో కలిపి బీకరు బల్ల మీదే వదిలేస్తాను. కలిపినప్పుడు నీళ్లు దాదాపు తేటగా ఉంటాయి. గంట గడిచేసరికి పసుపుపచ్చగా మసకబారతాయి. మర్నాడు పిల్లలు వచ్చేసరికి బీకరు అడుగున ఎర్రమట్టి లాంటి మడ్డి. బోరు నీళ్లు పట్టే బకెట్ అంచున పేరుకునే మరక కూడా ఇదే. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్ అయిపోయింది, అంటే తుప్పు పట్టింది.

కణంలో ఈ పని జరిగితే రెండు చిక్కులు. తుప్పు నీళ్లలో కరగదు, కాబట్టి కణానికి అది పనికిరాకుండా పోతుంది. రెండోది ఇంకా పెద్ద చిక్కు. ఫెర్రస్ ఇనుము విడిగా తిరుగుతూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. డీఎన్‌ఏ, కొవ్వు పొరలు, ప్రొటీన్లు, ఏది ఎదురైతే దాన్ని అది దెబ్బతీస్తుంది. ఈ రసాయన చర్యను ఫెంటన్ చర్య అంటారు. హెన్రీ ఫెంటన్ దాన్ని 1894లో వివరించాడు.

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు, చిన్న ఇనుప మేకు బరువంత. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. మనం తిండి నుంచి పీల్చుకునేది రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములే. ఎక్కువైతే బయటికి పంపే దారి శరీరానికి లేదు. చెమటలో, రాలే కణాల్లో, ఆడవాళ్లకు నెలసరిలో పోయేదే పోవడం. తక్కువైతే దొరకదు, ఎక్కువైతే పోదు, విడిగా వదిలితే కాల్చేస్తుంది. ఇలాంటి సరుకుకు గాదె కావాల్సిందే. ఆ గాదె పేరే ఫెరిటిన్.

చూడ్డానికి ఎలా ఉంటుంది?

లోపల డొల్లగా ఉన్న బంతిలా ఉంటుంది. 24 ప్రొటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఆ గుల్ల తయారవుతుంది. బయటి వ్యాసం సుమారు 12 నానోమీటర్లు, లోపలి ఖాళీ సుమారు 8. అంటే గోడ మందం రెండే నానోమీటర్లు. ఒక్కో ముక్కలో నాలుగు పొడవాటి హెలిక్సులు (స్ప్రింగులా మెలితిరిగిన భాగాలు) నాలుగు చెరకు గడలు కట్టగట్టినట్టు పక్కపక్కన పడుకుంటాయి. చివర ఐదో హెలిక్స్ ఒకటి పొట్టిగా, వంగి ఉంటుంది.

ఆ ఖాళీలో 4500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. లెక్క వేసి చూడండి. ఖాళీ గుల్ల బరువు సుమారు 4.8 లక్షల డాల్టన్లు (అణువుల బరువు చెప్పే కొలత). ఒక్కో ఇనుము పరమాణువు 56. అంటే 4500 పరమాణువుల బరువు 2.5 లక్షల డాల్టన్ల పైమాటే. గుల్ల తన బరువులో సగానికి పైగా బరువున్న తుప్పును కడుపులో పెట్టుకుని, హాయిగా నీళ్లలో కరిగి ఉంటుంది! ఎన్నేళ్లుగా చెబుతున్నా ఈ లెక్క దగ్గరికి వచ్చేసరికి నాకు ఆశ్చర్యం తగ్గదు. మామూలుగా మన కణాల్లో అన్ని గుల్లలూ నిండా ఉండవు. కొన్ని ఖాళీ, కొన్ని సగం.

హెచ్, ఎల్ అని రెండు రకాలు అంటారు. తేడా ఏమిటి?

ఆ 24 ముక్కలు రెండు రకాలు. హెచ్ కాస్త బరువైనది, 21 వేల డాల్టన్ల చుట్టూ. ఎల్ 19 వేల చుట్టూ. హెచ్ జన్యువు 11వ క్రోమోజోమ్ మీద, ఎల్ జన్యువు 19వ దాని మీద. హెచ్‌లో ఇనుమును ఆక్సీకరించే చోటు ఉంటుంది. ఎల్‌లో అది ఉండదు. దాని లోపలి గోడ మీద మాత్రం ఇనుము గింజకట్టడానికి అనువైన చోట్లు ఉంటాయి. ఒకటి సరుకును శుద్ధి చేసేది, ఇంకొకటి పేర్చి పెట్టేది.

గుండె, మెదడు హెచ్ ఎక్కువున్న గుల్లలు చేసుకుంటాయి. ఇనుము ఎక్కువగా నిలవుండే కాలేయం, ప్లీహం ఎల్ ఎక్కువున్నవి చేసుకుంటాయి. హెచ్ జన్యువు పూర్తిగా తీసేసిన ఎలుక పిల్లలు తల్లి కడుపులోనే చనిపోతాయి.

తలుపులు లేని గుల్లలోకి ఇనుము ఎలా దూరుతుంది?

తలుపులున్నాయి. మూడు ముక్కలు కలిసే చోటల్లా ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. అలాంటివి ఎనిమిది. వాటి అంచుల్లో ఆస్పార్టేట్, గ్లుటమేట్ అనే ఆమ్లాలు ఉంటాయి. వాటికి రుణ ఆవేశం, ఫెర్రస్ అయానుకు ధన ఆవేశం. కాబట్టి ఇనుము దానంతట అదే ఆ దారిలోకి లాక్కోబడుతుంది. నాలుగు ముక్కలు కలిసే చోట్ల ఇంకో ఆరు రంధ్రాలున్నాయి గానీ, మన ఫెరిటిన్‌లో అవి నూనె గుణమున్న అమైనో ఆమ్లాలతో నిండి ఉంటాయి. ఇనుముకు అవి దారి కావు.

లోపలికి వచ్చిన ఫెర్రస్ అయాన్లు హెచ్ ముక్క నడుమనున్న చోటికి చేరి జంటగా కూర్చుంటాయి. అక్కడికి ఆక్సిజన్ వచ్చి రెండింటి నుంచీ చెరో ఎలక్ట్రాన్ తీసుకుంటుంది. ఆ క్షణంలో ఒక నీలిరంగు మధ్యస్థ పదార్థం ఏర్పడుతుంది. సెకనులోపే మాయమైపోతుంది, వేగంగా కొలిచే పరికరంతో మాత్రమే పట్టుకోగలం. తర్వాత రెండూ ఫెర్రిక్ అయి ఖాళీలోకి జారుకుని, ఫెర్రిహైడ్రైట్ అనే ఖనిజంగా పేరుకుంటాయి. అందులో కొంత ఫాస్ఫేట్ కూడా కలిసి ఉంటుంది. ఖనిజపు గింజ కాస్త పెరిగాక కొత్త ఇనుము ఆ గింజ మీదే నేరుగా ఆక్సీకరణ చెందుతుంది.

దీన్ని కళ్లతో చూడొచ్చు. ఒకే బఫర్ ఉన్న రెండు పరీక్షనాళికలు తీసుకుని, ఒకదానిలో ఖాళీ ఫెరిటిన్ వేస్తాం. రెండింటిలోనూ ఫెర్రస్ ద్రావణం కొద్దికొద్దిగా పోస్తాం. ప్రొటీన్ లేనిది కాసేపటికి మసకబారి, అడుగున మడ్డి కడుతుంది. ప్రొటీన్ ఉన్నది పాలు కలపని టీ రంగుకు తిరుగుతుంది, కానీ చివరిదాకా తేటగానే ఉంటుంది. వెనక పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. రెండింటిలోనూ పట్టింది తుప్పే. ఒకదానిలో ఆ తుప్పు గాదెలో ఉంది, అంతే తేడా.

మరి అవసరమైనప్పుడు బయటికి ఎలా తీస్తారు?

కణంలో ప్రధానంగా గాదెనే కూల్చి తీస్తారు. ఇనుము తగ్గగానే ఎన్‌సీఓఏ4 అనే ప్రొటీన్ ఫెరిటిన్‌లోని హెచ్ ముక్కలను పట్టుకుని, కణపు జీర్ణాశయం లాంటి లైసోజోమ్‌కు చేరవేస్తుంది. అక్కడి ఆమ్లంలో గుల్ల అరిగిపోతుంది, ఇనుము బయటపడుతుంది. ఈ పనికి ఫెరిటినోఫాజీ అని పేరు. ఎన్‌సీఓఏ4 పాత్ర 2014లో బయటపడింది.

ఫెరిటిన్‌ను ఎవరు, ఎలా కనుక్కున్నారు?

చెకోస్లొవేకియా శాస్త్రవేత్త విలెం లాఫ్‌బెర్గర్ 1937లో గుర్రం ప్లీహం నుంచి దీన్ని వేరుచేశాడు. కాడ్మియం సల్ఫేట్ కలిపితే అందమైన గోధుమరంగు స్ఫటికాలు కట్టాయి. తర్వాత ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పౌలీన్ హారిసన్ దశాబ్దాల పాటు ఎక్స్-రే స్ఫటిక పద్ధతిలో దాని ఆకారాన్ని విడమరిచారు. మనిషి హెచ్ ఫెరిటిన్ ఆకారం 1991లో అచ్చయింది.

వేరుచేయడంలో ఒక సులువు ఉంది, అది నాకు చాలా ఇష్టం. ఫెరిటిన్ వేడికి చెక్కుచెదరదు. మేము ల్యాబులో మాంసం కొట్టు నుంచి తెచ్చిన మేక కార్జంతోనే చేయిస్తాం. ముక్కలు కోసి, నీళ్లు పోసి మిక్సీలో మెత్తగా తిప్పి, ఆ గుజ్జును 70 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ఉంచుతాం. కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడ్డట్టు మిగతా ప్రొటీన్లు చాలావరకు బూడిదరంగు తరకల్లా విరిగిపోతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన పలుచటి గోధుమరంగు నీరు తేలుతుంది. ఫెరిటిన్ అందులో ఉంటుంది. ల్యాబంతా కార్జం ఉడికిన వాసన రెండు రోజులు పోదు గానీ, పిల్లలు ఆ పాఠం మరిచిపోరు. కాడ్మియం విషం కాబట్టి స్ఫటికాల జోలికి మేము పోము.

ట్రాన్స్‌ఫెరిన్, హీమోసిడెరిన్ కూడా ఇవేనా?

కాదు. ట్రాన్స్‌ఫెరిన్ రక్తంలో ఇనుమును మోసే బండి, ఒక్కో ట్రిప్పుకు రెండు పరమాణువులే మోస్తుంది. హీమోసిడెరిన్ అంటే ఇనుము మరీ ఎక్కువైనప్పుడు లైసోజోముల్లో సగం అరిగిన ఫెరిటిన్ ముద్దకట్టిన శేషం. అది నీళ్లలో కరగదు. ఇనుమును పట్టిచ్చే పెర్ల్స్ రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే నీలంగా కనపడుతుంది.

ఎన్ని గాదెలు కట్టాలో కణానికి ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు పండగే. ఒక ప్రొటీన్ కావాలంటే కణం మామూలుగా జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీసి, దాన్ని చదివి ప్రొటీన్ చేసుకుంటుంది. అంతా మొదటి నుంచి మొదలుపెడితే ఆలస్యం. ఇనుము హఠాత్తుగా వచ్చిపడితే అంతసేపు ఆగే వీలు లేదు. అందుకని కణం ఫెరిటిన్ నకళ్లను ముందే తీసి, తాళం వేసి ఉంచుతుంది.

ఆ నకలు మొదట్లో హెయిర్‌పిన్ లాగా వంగిన చిన్న భాగం ఒకటి ఉంటుంది. ఇనుము తక్కువగా ఉన్నప్పుడు ఐఆర్‌పీ అనే ప్రొటీన్ వచ్చి ఆ వంపును గట్టిగా పట్టుకుంటుంది. నకలు చదివి ప్రొటీన్ చేసే యంత్రం, రైబోజోమ్, ఇక చదవడం మొదలుపెట్టలేకపోతుంది. ఇనుము పెరగగానే ఐఆర్‌పీ1 తనలో ఇనుము-గంధకం గుత్తిని బిగించుకుంటుంది. ఆకారం మారుతుంది, పట్టు వదులుతుంది. వదిలేశాక ఊరికే కూర్చోదు, అకోనిటేజ్ అనే ఎంజైమ్‌గా వేరే పనిలో చేరిపోతుంది. దాని తోడు ఐఆర్‌పీ2నైతే ఇనుము పెరిగినప్పుడు కణం ముక్కలు చేసి పారేస్తుంది. తాళం తీయగానే గాదెలు తయారవుతాయి.

ఇంకో విశేషం. కణంలోకి ఇనుమును లాక్కొచ్చే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం నకలుకూ అలాంటి హెయిర్‌పిన్‌లే ఉన్నాయి. కాకపోతే అవి తోక వైపు ఉంటాయి. అక్కడ ఐఆర్‌పీ పట్టుకుంటే ఆ నకలు తెగిపోకుండా కాపాడినట్టవుతుంది. అంటే ఇనుము కరువు రోజుల్లో ఒకే ప్రొటీన్ ఒక చేత్తో గాదెలు కట్టడం ఆపుతుంది, ఇంకో చేత్తో సరుకు తెచ్చే కిటికీలు పెంచుతుంది.

గాదె కణం లోపల ఉంటే, రక్తపరీక్షలో ఎందుకు కనపడుతుంది?

కణాలు కొంత ఫెరిటిన్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి. అది ఎక్కువగా ఎల్ రకం, దాదాపు ఖాళీ గుల్ల, ఇనుము చాలా తక్కువ. 1972లో రక్తంలో దాన్ని యాంటీబాడీలతో కొలిచే పద్ధతి వచ్చాక తెలిసింది, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ అంకె ఒంట్లోని నిల్వతో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని. మిల్లీలీటరుకు 1 నానోగ్రాము అంటే నిల్వలో సుమారు 8 నుంచి 10 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నట్టు. రిపోర్టులో లీటరుకు మైక్రోగ్రాములని ఉన్నా అంకె అదే, మార్చక్కర్లేదు.

హిమోగ్లోబిన్ బాగానే ఉంది, ఫెరిటిన్ మాత్రం 9. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. గాదె ఖాళీ అయ్యాకే వంటింట్లో బియ్యం తగ్గుతాయి. ఇనుము తగ్గడం మొదలైతే ముందు పోయేది నిల్వ, హిమోగ్లోబిన్ చివర్లో పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకం ప్రకారం, ఇన్ఫెక్షన్, వాపు లేని పెద్దవాళ్లలో 15 కంటే తక్కువ, ఐదేళ్లలోపు పిల్లల్లో 12 కంటే తక్కువ ఉంటే ఇనుము లోపం. ఫెరిటిన్ ఇంత తక్కువగా ఉంటే ఆ అంకెను నమ్మొచ్చు, దాదాపు ఇంకే కారణమూ ఉండదు. ఇనుము ఎటు పోతోందన్నది ఆ తర్వాత చూడాల్సిన ప్రశ్న. నెలసరి ఎక్కువా, కడుపులో పుండా, తిండి చాలడం లేదా అన్నది డాక్టరు తేల్చాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆ సర్వే చూసింది హిమోగ్లోబిన్‌నే. నిల్వ ఖాళీ అయి, హిమోగ్లోబిన్ ఇంకా పడని వాళ్లు ఆ లెక్కలోకి రారు. ఇటువైపు, రక్తహీనత ఉన్నవాళ్లందరికీ కారణం ఇనుమే అని కూడా కాదు, బి12 లోపం ఉండొచ్చు, హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని పుట్టుక జబ్బు తలసేమియా ఉండొచ్చు. అందుకే ఫెరిటిన్ చూడాలంటాను.

ఫెరిటిన్ నార్మల్ అని వచ్చింది. అయితే ఇనుము సరిపోయినట్టేనా?

అన్నిసార్లూ కాదు. మా వదినకు కీళ్లవాతం. ఎప్పుడూ నీరసం, మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 9.8, ఫెరిటిన్ 64. ఒకచోట రిపోర్టు చూసి, "ఫెరిటిన్ నార్మల్‌గానే ఉందమ్మా, ఐరన్ అక్కర్లేదు" అని పంపేశారు. ఎనిమిది నెలలు అలాగే లాక్కొచ్చింది. ఆ తర్వాత ఇంకో డాక్టరుగారు ట్రాన్స్‌ఫెరిన్ సంతృప్తత, అంటే ఇనుము మోసే ఆ బండ్లు ఎంత శాతం నిండాయో, చూపిస్తే 8 శాతం వచ్చింది, 20కి పైన ఉండాల్సింది. ఇనుము ఎక్కించాక ఆమె మళ్లీ మనిషైంది.

ఒంట్లో వాపు ఉంటే ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. సూక్ష్మజీవులకు ఇనుము అందకుండా దాచేసే పద్ధతి అది. కాలేయం హెప్సిడిన్ అనే 25 అమైనో ఆమ్లాల హార్మోన్‌ను వదులుతుంది. అది కణాల నుంచి ఇనుము బయటికి వెళ్లే ఫెర్రోపోర్టిన్ అనే ఏకైక ద్వారాన్ని మూసేస్తుంది. సరుకంతా లోపల ఇరుక్కుంటుంది. అందుకే ఇన్ఫెక్షన్ గానీ వాపు గానీ ఉన్న పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత 15 కాదు, 70. చిన్నపిల్లలకు 30. ఫెరిటిన్‌తో పాటు సీఆర్‌పీ కూడా చేయించమని అడగడం తప్పేమీ కాదు.

ఫెరిటిన్ 900 వచ్చింది. ఒంట్లో ఇనుము ఎక్కువైనట్టా?

కావచ్చు, కాకపోవచ్చు. జ్వరం, కొవ్వు పట్టిన కాలేయం, మద్యం, షుగరు, కాలేయ కణాలు దెబ్బతినడం, వీటన్నిట్లోనూ పెరుగుతుంది. కోవిడ్‌లో వేలల్లోకి వెళ్లింది వాపు వల్లే. కంగారుపడి తోటకూర, రాగులు మానేయకండి. జ్వరం తగ్గాక మళ్లీ చేయించండి, సంతృప్తత కూడా చూడమనండి.

అంకెకూ ఇనుముకూ సంబంధమే లేని జబ్బు ఒకటుంది. నేను ఇందాక చెప్పిన తాళం గుర్తుందా? ఎల్ నకలులోని ఆ హెయిర్‌పిన్‌లో పుట్టుకతోనే తేడా ఉంటే ఐఆర్‌పీ దాన్ని పట్టుకోలేదు. తాళం ఎప్పుడూ తీసే ఉంటుంది. ఫెరిటిన్ వేయి దాటుతుంది, ఇనుము మాత్రం మామూలే. అదనపు ఎల్ ఫెరిటిన్ కంటి కటకంలో పేరుకుని చిన్న వయసులోనే శుక్లాలు వస్తాయి. 1995లో ఈ కుటుంబాల గుట్టు తెలిసింది. అంకె చూసి, ఇనుము తగ్గించాలని వాళ్ల ఒంట్లోంచి రక్తం తీస్తే, లేని రక్తహీనత తెచ్చిపెట్టినట్టవుతుంది.

తలసేమియా పిల్లలకు ఈ పరీక్ష పదేపదే ఎందుకు?

వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కో బ్యాగులో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మనం రోజుకు పోగొట్టుకునేది 1 మిల్లీగ్రాము చుట్టూ. అంటే ఒక్క బ్యాగుతో చేరిన ఇనుము పోవాలంటే ఏడెనిమిది నెలలు పట్టాలి, ఇంతలో ఇంకో డజను బ్యాగులు ఎక్కేస్తాయి. గాదెలన్నీ నిండి, హీమోసిడెరిన్ పేరుకుని, మిగిలినది గుండెలోకీ కాలేయంలోకీ హార్మోన్ గ్రంథుల్లోకీ చేరుతుంది. ఫెరిటిన్ 1000 దాటే సమయానికి ఇనుమును పట్టి బయటికి పంపే మందులు, డెఫెరాసిరాక్స్ లాంటివి, మొదలుపెడతారు. గుండెలో ఎంత చేరిందో ఫెరిటిన్ చెప్పలేదు, దానికి ఎంఆర్‌ఐ కావాలి. ఆ మందు ఒక్క రోజు కూడా మానకుండా వేయించే అమ్మానాన్నలను చూశాను. వాళ్లకు ఈ అంకె ప్రతి మూడు నెలలకూ వచ్చే పరీక్ష ఫలితం లాంటిది.

ఫెరిటిన్ పాడైతే జబ్బు వస్తుందా?

అరుదుగా. ఇంగ్లండ్‌లోని కంబ్రియా ప్రాంతపు కుటుంబాల్లో 2001లో ఒకటి గుర్తించారు. ఎల్ జన్యువులో ఒక్క అక్షరం అదనంగా చేరితే ఆ ముక్క చివర తప్పుగా తయారై, గుల్లకు చిల్లు పడినట్టవుతుంది. మెదడు లోతుల్లో ఇనుము పేరుకుని, నలభైల్లో చేతులూ కాళ్లూ అదుపు తప్పుతాయి. అలాంటి వాళ్లలో చాలామందికి రక్తంలో ఫెరిటిన్ తక్కువగానే ఉంటుంది.

మొక్కల్లోనూ ఉంటుందా? పప్పులు తింటే ఆ ఫెరిటిన్ మనకొస్తుందా?

ఉంటుంది. మొక్కలు దాన్ని క్లోరోప్లాస్టు లాంటి ప్లాస్టిడ్లలో దాచుకుంటాయి. బఠానీ, సోయా వంటి గింజల్లో మొలకెత్తే పిల్ల మొక్కకు అది చద్దిమూట. మనం తింటే ఆ ప్రొటీన్ మనలో గాదెగా నిలబడదు, అరిగిపోతుంది. ఇనుము మాత్రం దక్కుతుంది. ఎంత దక్కుతుందన్నది పక్కన ఏం తిన్నారన్న దాని మీద ఉంటుంది. పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం మంచి అలవాటు. అన్నం తినగానే టీ తాగడం మంచిది కాదు, గంటో రెండు గంటలో ఆగండి.

ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు హిమోగ్లోబిన్ పెరగగానే ఆపేయడం నేను తరచూ చూసే పొరపాటు. ముందు కూలీలకు (హిమోగ్లోబిన్‌కు) జీతం, తర్వాతే గాదెకు. హిమోగ్లోబిన్ సరైన తర్వాత కూడా మూడు నెలల వరకూ వాడమని డాక్టర్లు చెప్పేది నిల్వ నిండాలనే. మల విసర్జన నల్లగా వస్తే భయపడకండి, అది మిగిలిపోయిన ఇనుమే. కడుపులో మంటగా ఉంటే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. ఒక మాత్ర వేసుకున్నాక ఆ రోజంతా హెప్సిడిన్ పెరిగి ఉంటుంది, మర్నాటి మాత్ర సరిగా ఒంటబట్టదు.

బ్యాక్టీరియాలో?

వాటిలోనూ ఉంది. బ్యాక్టీరియోఫెరిటిన్ అనే దానిలో 24 ముక్కల మధ్య 12 హీమ్‌లు (ఇనుమును పట్టుకుని ఉండే చిన్న అణువులు) కూడా ఉంటాయి. డీపీఎస్ అనే బుల్లి గాదె 12 ముక్కలదే, 500 పరమాణువులే పడతాయి. అది ఇనుమును ఆక్సీకరించడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్‌నే వాడుకుంటుంది. ఫెంటన్ చర్యకు కావాల్సిన రెండు సరుకులనూ ఒకేసారి తీసేసి, డీఎన్‌ఏను కాపాడుతుందన్నమాట.

దీంతో టీకాలు చేస్తున్నారట, నిజమేనా?

నిజమే. గుల్లను గట్టి ఆమ్లంలో వేస్తే ముక్కలుగా విడిపోతుంది, ఆమ్లత తగ్గిస్తే మళ్లీ బంతి కడుతుంది. ఆ మధ్యలో క్యాన్సర్ మందు లోపల పెట్టి మూసే ప్రయత్నాలు నడుస్తున్నాయి. టీకాల దారి వేరు. కడుపులో పుండ్లు చేసే హెలికోబాక్టర్ పైలోరీ ఫెరిటిన్ తీసుకుని, దాని ముక్కలకు ఫ్లూ వైరస్ ముల్లు ప్రొటీన్‌ను జన్యు పద్ధతిలో అతికించారు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఫ్లూ ముల్లు మూడు ముక్కలు కలిసి ఏర్పడేది. ఫెరిటిన్ బంతి మీద మూడేసి ముక్కలు కలిసే చోట్లు ఎనిమిది. కాబట్టి గుల్ల తనంతట తాను కట్టుకుంటుంటే, ఇనుము దూరే ఆ ఎనిమిది రంధ్రాల చోటునే ఎనిమిది ముళ్లు నిలబడ్డాయి.